చెరువు ఎందుకు పచ్చబడుతుంది? ఒక కోళ్ల ఎరువు కుప్ప, ఒక భాస్వరం లెక్క

ఈసారి వీడియోలో పంట లేదు, కషాయం లేదు. ఒక చెరువు ఉంది, ఒక గాజు సీసా ఉంది, నేను చేసిన ఒక తప్పు ఉంది. వీడియోలో సీసా పరీక్ష వరకే చూపించగలిగాను. మిగతాదంతా ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే అయింది, ఓపిగ్గా చదవండి.

మాది నాయుడుపేట దగ్గర పల్లె. మాకు నీళ్లు వచ్చేది నైరుతి వానలతో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య వానలతో. ఒక్క వాయుగుండం వస్తే చెరువు నిండుతుంది. రాకపోతే ఆ ఏడు అంతే. నిండిన చెరువు కిందే వరి, గట్టున గేదెలు, లోపల చేపలు. ఇదంతా మీకు తెలిసిందే.

ఆ ఏడాది చెరువు బాగానే నిండింది. సంక్రాంతి దాకా నీళ్లు మామూలుగానే ఉన్నాయి. ఫిబ్రవరి దాటాక రంగు మారడం మొదలైంది. మొదట అద్దంలో పచ్చ కాగితం పెట్టినట్టు లేతగా. మార్చి నెలాఖరుకి గాలి ఎటు తోలితే అటు ఒడ్డున చిక్కటి పచ్చ మీగడ. గేదెల్ని తోలుకొచ్చిన ఒక పెద్దమ్మ నన్ను చూసి, "ఏందబ్బయా, చెరువులో ఎవురో పెయింటు డబ్బా కుమ్మరించినట్టుండాది?" అనింది. నేను నవ్వి, "పచ్చగా ఉంటే పైరుకు బలమే పెద్దమ్మా" అన్నాను. డిప్లొమా చదివినోడు చెప్పాడు గదా అని ఆమె నమ్మింది.

ఏప్రిల్‌లో రెండు రోజులు మబ్బు పట్టి, గాలి ఆగిపోయింది. మూడో రోజు తెల్లారుజామున చెరువు కాంట్రాక్టు తీసుకున్న మామ ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి బొచ్చెలు, శీలావతులు తెల్లగా తేలిపోయి ఉన్నాయి. కొన్ని ఇంకా నోళ్లు తెరుచుకుని నీటి పైపొర దగ్గర కొట్టుకుంటున్నాయి. కొరమీలు మాత్రం బతికే ఉన్నాయి. అవి గాలి కూడా పీల్చుకోగలవు కాబట్టి. ఆ ఒక్క విషయం చూస్తేనే అర్థమైపోయింది, ఎవరో విషం కలపలేదు, నీళ్లలో ఆక్సిజన్ అయిపోయింది అని.

మామ గట్టు మీద కూర్చుని నా వైపు చూసి ఒకే మాట అన్నాడు. "నువ్వు కాలవ పక్కన పోయించిన కోళ్ల ఎరువు సంగతి ఊళ్లో అందరికీ తెలుసు అబ్బయా."

నిజమే. అంతకుముందు సెప్టెంబరులో రెండు ట్రాలీల కోళ్ల ఎరువు తెప్పించాను. పొలంలోకి బండి దిగదని, చెరువులోకి నీళ్లు తెచ్చే కాలవ పక్కన మెరక మీద పోయించాను. వారంలో చల్లేద్దాం అనుకున్నా. కూలీలు దొరకలేదు, ఆ లోపల వాన దిగింది. నాలుగు రోజుల వాన తర్వాత చూస్తే కుప్ప సగానికి కుంగిపోయి ఉంది. ఎరువు పోయిందే అని బాధపడ్డాను గానీ, అది ఎక్కడికి పోయింది అని ఆలోచించలేదు.

ఊళ్లో యూరియా, డీఏపీ వేసేవాళ్లకి "భూమిని చంపేస్తున్నారు" అని ఉపన్యాసాలు ఇచ్చేది నేనే. చేపలు తేలింది నా కుప్ప ఉన్న కాలవ కింద.

అన్నీ నా ఒక్క కుప్ప వల్లే అయ్యాయని కూడా చెప్పను. చెరువు పైన డీఏపీ వేసే పొలాలు ఉన్నాయి, ఊరి మురుగు కాలవ ఒకటి దాంట్లోనే కలుస్తుంది, గట్టున బట్టలు ఉతుకుతారు. చెరువు పచ్చబడటానికి ఎవరి వాటా ఎంతో తేల్చే పరికరం నా దగ్గర లేదు. కానీ నా వాటా ఎంత ఉండొచ్చో లెక్క కట్టుకోగలను. ఆ లెక్క చేశాక నాకు నిద్ర పట్టలేదు. అది కిందకి వచ్చాక చెప్తాను. ముందు అసలు ఆ పచ్చదనం ఏంటో చూద్దాం.

నీళ్లు పచ్చగా కనిపించేవన్నీ ఒకటి కాదు. గుర్రపుడెక్క, అజొల్లా, నీటి మీద చిన్న చిన్న ఆకుల్లా తేలే మొక్కలు, ఇవి చేత్తో తీసి చూస్తే ఆకు తెలుస్తుంది. దారాల్లాగా, తడి జుట్టులాగా ఉండేది ఇంకో రకం నాచు. అది చూడ్డానికి అసహ్యంగా ఉన్నా మామూలుగా విషం కాదు. మూడోది కంటికి విడిగా కనపడదు. నీళ్లు మొత్తం పచ్చ రంగు కలిపినట్టు ఉంటుంది, ఒడ్డున మీగడ కడుతుంది. ఆక్వా రైతులు "బ్లూమ్" అనేది దీన్నే. దీంట్లో మళ్లీ రెండు కులాలు. ఒకటి మామూలు ఆకుపచ్చ నాచు. రెండోది నీలి ఆకుపచ్చ నాచు. పేరుకి నాచు అంటాం గానీ ఇది నిజానికి బ్యాక్టీరియా. సయానోబ్యాక్టీరియా అంటారు. భయపడాల్సింది ఈ రెండో దానికి.

తేడా పట్టడానికే వీడియోలో సీసా పరీక్ష చూపించాను. చేతికి గ్లౌజులు వేసుకుని, మీగడ లేని చోట, నీటి పైపొర కిందనుంచి గాజు సీసాలో ముప్పాతిక వంతు నీళ్లు పట్టండి. మూత పెట్టి ఎండ తగలని చోట కదపకుండా ఒక రోజు ఉంచండి. పచ్చదనం అడుక్కి దిగితే అది మామూలు నాచు అయ్యే అవకాశం ఎక్కువ. పైకి తేలి సీసా మెడ దగ్గర పచ్చ ఉంగరం కడితే నీలి ఆకుపచ్చ నాచు అని అనుమానించాలి. దీని కణాల్లో గాలి నింపుకున్న చిన్న చిన్న తిత్తులుంటాయి, అందుకే తేలుతుంది. ఇంకో చిట్కా, ఒక పుల్ల ముంచి తీయండి. దారాలు వేలాడితే దారపు నాచు. పుల్లకి పెయింటు పూసినట్టు అంటుకుంటే బ్లూమ్. ఇవి ల్యాబ్ పరీక్షకి సమానం కావు. విషం ఉందా లేదా అనేది సీసా చెప్పదు. జాగ్రత్త పడాలా వద్దా అనేది మాత్రం చెప్తుంది. మా చెరువు సీసాలో ఉంగరం వేలు మందాన కట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ నీలి ఆకుపచ్చ నాచు మన శత్రువేమీ కాదు. వరి మడిలో గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చేది ఇదే. ఎరువు లేకుండానే వరి మడికి ఏటా నత్రజని ఎలా అందుతోంది అన్న ప్రశ్నకి 1939లో పి.కె. డే అనే శాస్త్రవేత్త ఈ నాచునే జవాబుగా చూపించారు. మనం పెంచే అజొల్లా ఆకు లోపల కాపురం ఉండేది కూడా ఈ జాతిదే, అనబీనా అంటారు. స్పైరులినా మాత్రలు కూడా ఈ కుటుంబమే. మడిలో ఉంటే మిత్రుడు, చెరువులో హద్దు దాటితే ముప్పు. హద్దు దాటించేది ఏంటి అనేదే అసలు ప్రశ్న.

ఎండ, వెచ్చదనం, కదలని నీళ్లు, ఇవి మన దగ్గర ఎప్పుడూ ఉండేవే. మా తాతల కాలంలో కూడా ఏప్రిల్ ఏప్రిలే. మరి అప్పుడు లేనిది ఇప్పుడు ఎందుకు? తిండి పెరిగింది కాబట్టి. ఏ తిండి అనేదాని మీద ఒకప్పుడు పెద్ద వాదనే నడిచింది. కొందరు కార్బన్ అన్నారు, కొందరు నత్రజని అన్నారు, కొందరు భాస్వరం అన్నారు. 1973లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం దీన్ని మన రైతుల పద్ధతిలోనే తేల్చింది. సగం మడికి వేసి, సగం మడికి వేయకుండా చూస్తాం చూడండి, అట్లా. 226వ నంబరు సరస్సు నడుము సన్నగా ఉంటుంది. అక్కడ అడ్డంగా ఒక ప్లాస్టిక్ తెర కట్టారు. ఒక పక్క కార్బన్, నత్రజని వేశారు. రెండో పక్క ఆ రెండూ వేసి, భాస్వరం కూడా కలిపారు. భాస్వరం వేసిన సగం పచ్చగా మారిపోయింది. రెండో సగం మామూలుగానే ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో నీటి శాస్త్రంలో అందరికంటే పేరున్న ఫొటోల్లో ఒకటి. ఒకే సరస్సు, మధ్యలో గీత, ఒక పక్క పచ్చ, ఒక పక్క నల్లటి నీళ్లు.

కారణం కూడా మనకి అర్థమయ్యేదే. కార్బన్ గాలిలోంచి వస్తుంది. నత్రజని తక్కువైతే నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు గాలిలోంచే పట్టుకుంటాయి. భాస్వరం మాత్రం గాలిలో దొరకదు. అది నేల నుంచి, ఎరువు నుంచి, మురుగు నుంచి రావాల్సిందే. అట్లాగని నత్రజనికి పాత్రే లేదని కాదు, ముఖ్యంగా సముద్రం పక్క ఉప్పు నీళ్లలో దాని పాత్ర పెద్దది. మన మంచినీటి చెరువుల వరకు మొదటి తాళంచెవి భాస్వరం. ఇంకో సంగతి, నత్రజని కొంత గాలిలోకి పోతుంది. భాస్వరం అట్లా పోదు. చెరువులోకి దిగిందంటే అక్కడే కూర్చుంటుంది.

ఇప్పుడు లెక్క.

డీఏపీ బస్తా మీద 18-46-0 అని ఉంటుంది. ఆ 46 అనేది ఆక్సైడు లెక్క. అసలు భాస్వరం మూలకంగా చూస్తే బస్తాలో 20 శాతం. అంటే 50 కిలోల బస్తాలో 10 కిలోలు. నీటిలో మొత్తం భాస్వరం లీటరుకి 30 మైక్రోగ్రాములు దాటిందంటే ఆ నీరు నాచు పట్టే దారిలో పడినట్టే అని నీటి శాస్త్రం వాళ్లు స్థూలంగా చెప్తారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. 40 ఎకరాల నీటి విస్తీర్ణం, సగటున ఆరున్నర అడుగుల లోతు ఉన్న చెరువు తీసుకోండి. దాంట్లో సుమారు 32 కోట్ల లీటర్లు ఉంటాయి. ఆ చెరువు మొత్తాన్ని ఆ గీత దాకా తేవడానికి కావాల్సిన భాస్వరం ఎంత? దాదాపు 10 కిలోలు. ఒక్క బస్తా డీఏపీలో ఉన్నంత.

నేను మూడుసార్లు లెక్క వేసుకున్నాను. ఒక్క బస్తానే.

నిజానికి పొలంలో వేసిన బస్తా మొత్తం చెరువులోకి రాదు. భాస్వరం మట్టిలోని ఇనుము, అల్యూమినియం, సున్నంతో గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, అందుకే పైరుకే సరిగ్గా అందదు అని మనం అంటుంటాం. అది కదిలేది ఎక్కువగా మట్టితో పాటు. వానకి ఎర్రటి బురద నీళ్లు పొలం దాటుతున్నాయంటే, ఆ బురదే భాస్వరం బండి. కానీ కాలవ పక్కన పోసిన కుప్ప సంగతి వేరు. దాన్ని పట్టుకోవడానికి మధ్యలో మట్టి లేదు.

ఇక కోళ్ల ఎరువు. పశువుల ఎరువులో పోషకాలు ఎంత అంటే డిప్లొమాలో "అర, సున్నా పాయింట్ రెండు, అర" అని బట్టీ పట్టించారు. నత్రజని అర శాతం, భాస్వరం 0.2, పొటాష్ అర. టన్నుకి రెండు కిలోల భాస్వరం, డీఏపీ బస్తా మీది ఆక్సైడు లెక్కలో. కోళ్ల ఎరువు రెండు శాతం నుంచి మూడు శాతం దాకా ఉంటుంది. టన్నుకి 20 కిలోలు, అంతకంటే ఎక్కువ కూడా. అంటే పశువుల ఎరువుకి పది రెట్లు. మూడు టన్నుల ట్రాలీ ఒక్కటి 60 కిలోలు. డీఏపీ బస్తాలో అదే లెక్కన 23 కిలోలు. ట్రాలీ కోళ్ల ఎరువు అంటే రెండున్నర బస్తాల డీఏపీ. నేను కాలవ పక్కన పోయించింది రెండు ట్రాలీలు.

సగం కుంగిపోయిందని చెప్పాను కదా. అందులో ఎంత కరిగి పోయింది, ఎంత అణిగిపోయింది అని చెప్పలేను. పావు వంతే చెరువు చేరింది అనుకున్నా బస్తా పైనే. ఒక కిలో భాస్వరం సుమారు 500 కిలోల పచ్చి నాచుని పెంచగలదని ఒక లెక్క ఉంది. ఇంక మిగతా గుణకారం మీరే చేసుకోండి, నాకు చేయబుద్ధి కాలేదు.

పైగా ఎండాకాలానికి చెరువు కుంచించుకుపోతుంది. 40 ఎకరాలు 15 ఎకరాలై, లోతు మూడు అడుగులైతే నీళ్లు ఆరో వంతుకి వస్తాయి. భాస్వరం మాత్రం ఆవిరి కాదు. డిసెంబరులో కనపడని తప్పు మార్చిలో కనపడటానికి అదీ ఒక కారణం.

చేపలు ఎందుకు చచ్చాయో కూడా చెప్పేస్తాను. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. మధ్యాహ్నం కొలిస్తే నీళ్లు భేషుగ్గా ఉన్నట్టు కనిపిస్తాయి. రాత్రి అదే నాచు, చేపలు, అడుగున కుళ్లే చెత్త, అన్నీ కలిసి ఆక్సిజన్ పీలుస్తాయి. తెల్లారుజాముకి అడుగంటుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో పగలు చేరే జమ తక్కువ, రాత్రి ఖర్చు అంతే. గాలి కూడా ఆగిపోతే పైనుంచి కలిసేదీ లేదు. మన తీరంలో రొయ్యల రైతులు రాత్రి రెండు గంటలకి లేచి ఏరియేటర్లు చూసుకునేది ఇందుకే. ఊరి చెరువుకి ఏరియేటర్ ఎవరు పెడతారు?

విషం సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే గేదెలు ఆ నీళ్లే తాగుతాయి. నీలి ఆకుపచ్చ నాచులో మైక్రోసిస్టిస్ లాంటి కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తాయి. ఇది కొత్తగా కనుక్కున్నది కాదు. ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సు మీగడ తాగి పశువులు చచ్చిపోయాయని జార్జి ఫ్రాన్సిస్ అనే ఆయన 1878లోనే 'నేచర్' పత్రికలో రాశారు. 2007లో చైనాలో తైహు సరస్సు పచ్చబడి వూషీ నగరంలో సుమారు 20 లక్షల మందికి తాగునీటి కష్టం వచ్చింది. 2014 ఆగస్టులో అమెరికాలో టొలీడో నగరంలో నాలుగు లక్షల పైచిలుకు జనానికి రెండు మూడు రోజులు కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. ఎరీ సరస్సులోకి ఆ భాస్వరం ఎక్కడి నుంచి వచ్చింది అంటే ప్రధానంగా మౌమీ నది పక్క పొలాల నుంచి, రసాయన ఎరువు, పశువుల ఎరువు రెండూ. అక్కడ "ఇది సేంద్రియ భాస్వరం, ఇది రసాయన భాస్వరం" అని సరస్సు వేరు చేసి చూడలేదు.

తాగునీటిలో ఈ మైక్రోసిస్టిన్ లీటరుకి ఒక మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. కాచితే పోతుందా అని చాలామంది అడుగుతారు. పోదు. నీళ్లు కాచినా ఆ విషం విరగదు.

మన తెలుగు నేల మీద ఈ రోగానికి అందరికీ తెలిసిన ఉదాహరణ హైదరాబాద్ హుస్సేన్‌సాగర్. 1560ల్లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువు. కూకట్‌పల్లి నాలా, మిగతా నాలాలు దశాబ్దాలుగా మురుగు తెచ్చి పోశాయి. ఎండాకాలం ట్యాంక్‌బండ్ మీద నడిచినవాళ్లకి ఆ పచ్చ మీగడ, ఆ కంపు నేను చెప్పక్కర్లేదు. మూసీ కాలుష్యానికీ నాచుకీ ఉన్న సంబంధం మీద వి. వెంకటేశ్వర్లు గారి అధ్యయనం 1969లోనే అచ్చయింది. మనవాళ్లకి తెలియక కాదు. కొల్లేరుది ఇంకో కథ. చేపల చెరువుల మేత, ఎరువు, పై ఊళ్ల మురుగు కలిసి వచ్చి చేరే చోటు అది. 2006లో చెరువు గట్లు కొట్టించారు, ఆ గొడవ ఇంకా నలుగుతూనే ఉంది. దాని జోలికి ఇప్పుడు పోను.

మా పక్కనే ఉన్న నేలపట్టు గురించి మాత్రం ఆగి చెప్పాలి. నాయుడుపేట నుంచి సూళ్లూరుపేట పోయే దారిలో దొరవారిసత్రం దగ్గర ఉంటుంది. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. 1976 నుంచి అది పక్షుల సంరక్షణ కేంద్రం. పక్షులు పులికాట్‌లో, చుట్టుపక్కల చెరువుల్లో చేపలు తిని వచ్చి ఇక్కడ రెట్టలు వేస్తాయి. రెట్ట అంటే భాస్వరం, నత్రజని మూట. ఆ నీళ్లు పచ్చగా, చిక్కగా ఉంటాయి. ఆ ఊరి రైతులు ఆ నీటిని పొలాలకి పెట్టుకుంటారు, అది ఎరువుతో సమానం అని వాళ్లకి తరాలుగా తెలుసు. పక్షులు వస్తే పంట బాగుంటుందని వాటిని కాపాడుకున్నారు. నేను ఆ పెద్దమ్మతో "పచ్చగా ఉంటే పైరుకు బలమే" అన్నది చిన్నప్పటి నుంచి నేలపట్టు గురించి విన్న మాటే.

మరి నేలపట్టులో వరమైంది మా చెరువులో శాపం ఎందుకైంది? నేను ఆలోచించుకున్నది ఇది. అక్కడ పోషకం చెరువులోకి వస్తుంది, నీటితో పాటు పొలంలోకి వెళ్లిపోతుంది, గింజై బయటికి పోతుంది. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి. మా చెరువుకి లోపలికి నాలుగు దారులు, బయటికి దారి సన్నగిల్లిపోయింది. ఆయకట్టులో సగం మంది బోర్లకి మారారు, తూము ఎత్తేది తక్కువ. మా నాయన చిన్నప్పుడు ఎండాకాలం ఎద్దుల బండ్లతో చెరువు మట్టి పొలాలకి తోలేవాళ్లు. అది ఆగిపోయి ఎన్నేళ్లయిందో.

ఆ మట్టి సంగతి నాకు ఇప్పుడు కొత్తగా అర్థమైంది. చెరువు అడుగు బురదలో భాస్వరం ఇనుముతో అంటుకుని ఉంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడు ఆ ముడి విడిపోయి భాస్వరం మళ్లీ నీళ్లలోకి లేస్తుంది. అందుకే పైనుంచి రావడం ఆపేసినా కొన్ని చెరువులు ఏళ్ల తరబడి పచ్చగానే ఉంటాయి. లోపలి బాకీ అన్నమాట. మరి పూడిక తీసి పొలానికి తోలితే? చెరువుకి బాకీ తీరుతుంది, మనకి కొనకుండానే భాస్వరం, ఒండ్రు వస్తాయి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులు లక్ష్యంగా పెట్టుకుని పూడిక మట్టిని రైతుల పొలాలకి తోలించారు. జనం దాన్ని నీటి పథకంగానే చూశారు. నా దృష్టిలో అది ఎరువుల పథకం కూడా.

ఇక నేను మార్చుకున్నవి చెప్తాను. కోళ్ల ఎరువు పూర్తిగా మానలేదు, అబద్ధం ఎందుకు. తగ్గించాను. పచ్చిది తేవడం మానేసి, పశువుల ఎరువుతో, ఎండు ఆకుతో కలిపి మాగబెట్టి వేస్తున్నాను. కుప్ప కాలవకి దూరంగా, చుట్టూ చిన్న కట్ట, పైన టార్పాలిన్. సెప్టెంబరు తర్వాత కుప్ప అనేదే బయట ఉండకూడదని నియమం పెట్టుకున్నాను. కూలీలు దొరికిన రోజే ట్రాలీ తెప్పిస్తాను.

జీవామృతం వల్ల ఇట్లా అవుతుందా అని వీడియో తీస్తున్నప్పుడే ఒక తమ్ముడు అడిగాడు. 200 లీటర్ల జీవామృతంలో పేడ పది కిలోలు. దాంట్లో భాస్వరం గ్రాముల్లో ఉంటుంది, కిలోల్లో కాదు. ఎకరాకి వేసే మోతాదులో భయం లేదు. కానీ కొందరు చెరువు నీళ్లు శుభ్రం అవుతాయని జీవామృతం డ్రమ్ములు చెరువులోనే పోస్తున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. బెల్లం, పిండి, పేడ చెరువులో పోస్తే కుళ్లడానికి ఆక్సిజన్ కావాలి. ఉన్న కాస్తా దానికే పోతుంది. అట్లాగే పచ్చ మీగడ మీద మైలుతుత్తం కొట్టడం. నాచు చస్తుంది నిజమే, కణాలు పగిలి లోపలున్న విషం మొత్తం ఒక్కసారిగా నీళ్లలోకి వస్తుంది, ఆ చచ్చిన నాచు కుళ్లి చేపలకి ఊపిరి ఆడదు. మేము దాదాపు కొట్టబోయాం. కాంట్రాక్టు మామే ఆపాడు, వేరే ఊళ్లో కొట్టించి పోగొట్టుకున్న అనుభవం ఆయనకుంది.

పొలంలో చేసింది పెద్ద సాంకేతికం కాదు. గట్లు సరిచేశాం. కాలవ వైపు రెండు గజాలు దున్నకుండా వదిలి గడ్డి, వట్టివేళ్లు పెట్టాం. వానకి ముందే నవధాన్యాలు చల్లి నేల బోడిగా లేకుండా చూస్తున్నాం. నీళ్లు పొలం దాటే మూలన ఒక గుంట తీశాం, బురద దాంట్లో ఆగుతుంది, ఎండాకాలం ఆ బురద ఎత్తి మళ్లీ పొలంలో వేస్తాం. మొదటి ఏడు ఆ గుంటలో చేరిన ఒండ్రు చూసి మా నాయన, "ఇదంతా ఇన్నాళ్లూ చెరువులోకే పోయిందా" అన్నాడు. కాలవ చెరువులో కలిసే చోట జమ్ము ఉంది. దాన్ని పీకేయమన్నారు కొందరు. ఉంచాం, కానీ ఏటా ఒకసారి కోసి బయటికి తెచ్చి ఆచ్ఛాదనగా వేస్తున్నాం. కోయకుండా వదిలేస్తే అక్కడే కుళ్లి, పీల్చుకున్నదంతా తిరిగి నీళ్లకే ఇస్తుంది. గుర్రపుడెక్క కూడా అంతే. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోట పెరిగినదైతే మాత్రం పొలానికి తేవద్దు, అది లోహాలు కూడా పీలుస్తుంది.

పచ్చబడ్డ చెరువు నీళ్లు పైరుకి పెట్టొచ్చా అని చాలామందికి సందేహం. వరికి పారిస్తే పెద్ద ఇబ్బంది నేను చూడలేదు. ఆకుకూరలకి, పచ్చిగా తినే వాటికి, ముఖ్యంగా పైనుంచి చల్లే స్ప్రింక్లర్లతో పెట్టొద్దు. ఆ విషం ఆకు మీద నిలిచే వీలుంది. మీగడ ఉన్న ఒడ్డున గేదెల్ని దింపొద్దు. ఈ పక్క తేరుకుని కనిపించినా సరే, గాలి తిరిగితే సాయంత్రానికి మీగడ ఇటొస్తుంది. ఆ రోజుల్లో బోరు నీళ్లు తొట్టిలో పట్టి తాపడమే మంచిది. ఆ పెద్దమ్మకి తర్వాత వెళ్లి నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. "నీళ్ల వాసన తేడాగా ఉంటే నా గేదెలే మూతి పెట్టలేదులే అబ్బయా" అనింది. నా మాటని ఆమె నమ్మింది గానీ, గేదెలు నమ్మలేదు.

చేపల మామకి పోయిన సొమ్ములో కొంత నేను ఇచ్చాను. అంతా నావల్లే అని కాదు, నా వాటా అనుకున్నంత. ఆయన మొదట తీసుకోలేదు. తర్వాత, "డబ్బు వద్దులే, మే నెలలో చెరువు ఎండినప్పుడు మట్టి తోలేదానికి నీ ట్రాక్టర్ పెట్టు" అన్నాడు. ఇద్దరం కలిసి పంచాయతీలో అడిగి అనుమతి తీసుకుని, తూము దగ్గర లోతు ఉన్న చోట పూడిక ఎత్తించాం. ఎకరాకి ఇరవై ట్రాలీల దాకా నా పొలానికి తోలాను. చెరువు మొత్తం కాదు, ఒక మూల మాత్రమే. మొన్న మార్చిలో నీళ్లు మళ్లీ లేత పచ్చకి తిరిగాయి, కానీ మీగడ కట్టలేదు. వానలు బాగా పడి నీళ్లు ఎక్కువ ఉండటం వల్లనో, మేము చేసిన దానివల్లనో ఒక్క ఏడాదితో చెప్పలేను.

ఊరి మురుగు కాలవ ఇంకా చెరువులోనే కలుస్తోంది. దానికి ఒక ఇంకుడు మడి, జమ్ము మడి ఎక్కడ పెట్టాలో కొలతలు తీసుకున్నాం. స్థలం దగ్గర మాట తెగలేదు. వచ్చే ఎండాకాలం సీసా మళ్లీ నింపుతాను, అదే చోట, అదే నెలలో. మీ చెరువుల్లో కూడా ఎవరైనా నింపి చూస్తే ఉంగరం పైన కట్టిందా, అడుక్కి దిగిందా రాయండి. నీళ్లు ఎప్పుడు పట్టారో, చెరువులో ఏ కాలవలు కలుస్తాయో కూడా రాస్తే పోల్చి చూసుకోవచ్చు.